బడి నాటకంలో చేరడం ఎలా: చెయ్యెత్తిన రోజు నుంచి తెర పడేదాకా

తెలుగు మాస్టారు క్లాసులోకి వచ్చి "వార్షికోత్సవానికి నాటిక వేస్తున్నాం, ఎవరెవరు చేస్తారు?" అని అడిగారు. నీకు చెయ్యెత్తాలనే ఉంది. కానీ పక్కవాళ్లు నవ్వుతారేమో, స్టేజీ మీద డైలాగ్ మర్చిపోతే పరువు పోతుందేమో, ఇంట్లో ఒప్పుకోరేమో అని చెయ్యి బెంచీ మీదే ఉండిపోయింది. ఇది నీ కోసం రాస్తున్నాను.

నాటకంలో చేరితే ధైర్యం వస్తుందని, నలుగురిలో మాట్లాడటం వస్తుందని అందరూ చెబుతారు. నిజమే, వస్తాయి. కానీ ఏళ్ల తరబడి పిల్లల చేత నాటికలు వేయిస్తూ నేను చూసిందేమిటంటే, ముందు వచ్చేది వినడం. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగడం, అది ఎలా అన్నారో పట్టుకోవడం, దాన్నిబట్టి మన మాట పలకడం. ఇది పట్టుబడ్డ పిల్లలకు ధైర్యం దానంతటదే వస్తుంది. ఇది పట్టుబడకుండా వచ్చే ధైర్యం మాత్రం ఆ ఒక్క రోజు చప్పట్లతోనే అయిపోతుంది. అందుకే కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం రిహార్సల్ గురించే. మనిషిని మార్చేది అదే.

ముందు ఇంట్లో ఒప్పించు

చాలా ఇళ్లలో మొదటి మాట "చదువు పాడైపోతుంది" అనే. ఆ భయాన్ని కొట్టిపారేయకు. "అందరూ చేరుతున్నారు, నేనూ చేరతా" అని అడిగితే వద్దనే అంటారు. రిహార్సల్ ఏయే రోజుల్లో, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుంది, బాధ్యత తీసుకున్న టీచర్ ఎవరు, ప్రదర్శన ఎప్పుడు అన్నవి కనుక్కుని ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నల చేతికివ్వు. ఆలస్యమైన రోజు ఇంటికి ఎవరితో వస్తావో కూడా అందులో రాయి. ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్లు ముందు అడిగేది అదే. అడగడం న్యాయం కూడా. మగపిల్లల విషయంలోనూ అడగాలి. గురుకులాల్లో, హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఈ చిక్కు లేదు. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు దొరికే గంట చాలు.

"మన బడుల్లో ఈ నాటకాలేమిటి, కొత్తగా?" అని తాతయ్యో బాబాయో అంటే ఈ సంగతి చెప్పు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 'వ్యవహార ధర్మబోధిని' వేయించినప్పుడు వేషాలు కట్టింది ఆయన విద్యార్థులే. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనల చరిత్రను అక్కడి నుంచే మొదలుపెట్టి చెబుతారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అంటే మన నాటకానికి కాళ్లొచ్చిందే బడి పిల్లల వల్ల.

పదో తరగతిలో ఉంటే మాత్రం నా సలహా వేరు. వార్షికోత్సవాలు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరిల్లో పడతాయి, పబ్లిక్ పరీక్షలు మార్చిలో. ఆ సమయంలో పెద్ద పాత్ర మోయడం ఇంట్లోవాళ్లకీ నీకూ టెన్షనే. నవంబర్ 14 బాలల దినోత్సవానికి వేసే నాటికలో ఉండు, లేదా ప్రాంప్టింగ్ (డైలాగ్ మర్చిపోయినవాళ్లకి పక్కనుంచి మాట అందించడం) లాంటి పని తీసుకో. అసలైన వయసు ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులది. గొంతు మారుతూ, ఒళ్లు సాగుతూ, నలుగురిలో నిలబడాలంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వయసు. నాటకం అవసరమైంది కూడా అప్పుడే.

బృందం లేకపోతే మొదలుపెట్టు

మన బడుల్లో ఏడాది పొడుగునా నడిచే నాటక బృందాలు తక్కువ. ఆగస్టు 15కో వార్షికోత్సవానికో పది రోజుల ముందు పిల్లల్ని పోగుచేసి హడావుడిగా ఏదో ఒకటి వేయిస్తారు. పది రోజుల్లో డైలాగులు బట్టీ పట్టడానికే సరిపోతుంది. నీలో ఏదైనా మార్పు రావాలంటే కనీసం ఆరు వారాలు, వారానికి రెండు రిహార్సల్స్ కావాలి. ఈ మాట మీ టీచర్‌కి వినయంగా చెప్పు. "సార్, ఇప్పటి నుంచే శనివారాలు మొదలుపెడదామా?" అంటే కాదనే టీచర్లు తక్కువ. పిల్లలే ముందుకు రావడం వాళ్లకూ సంతోషం.

అసలు నాటకం ఊసే లేని బడైతే నలుగురు స్నేహితులు చాలు. తెలుగు టీచరే ఉండాలని లేదు, ఆసక్తి ఉన్న ఎవరైనా సరే. హెడ్మాస్టర్ గారి అనుమతి తీసుకోండి. స్టేజీ అక్కర్లేదు. వరండా ఉంది, చెట్టు కింద అరుగు ఉంది. మొదటి ప్రయత్నానికి పెద్ద నాటకం వెతకొద్దు. మీ తెలుగు వాచకంలో ఉన్న కథల్లో ఒకటి తీసుకుని, అందులో ఇద్దరు ముగ్గురు గట్టిగా వాదించుకునే చోటు చూసి, ఆ ఒక్క సన్నివేశాన్నే సంభాషణలుగా రాసుకోండి. ఐదు నిమిషాలు వస్తే చాలు. ఉదయం అసెంబ్లీలో వేయండి. అది బాగుంటే రెండో అవకాశం వాళ్లే ఇస్తారు.

విదేశాల్లో చదువుతున్న పిల్లలకు రెండు దారులున్నాయి. ఒకటి వాళ్ల బడిలోని డ్రామా క్లబ్, రెండోది ఉగాదికీ సంక్రాంతికీ తెలుగు సంఘాలు వేయించే నాటికలు. రెంటిలోనూ చేరమనే చెబుతాను. మొదటిదాంట్లో అక్కడి తోటి పిల్లలు దగ్గరవుతారు. రెండోదాంట్లో, ఇంట్లో వినడమే తప్ప తిరిగి పలకని తెలుగు నోట్లోకి వస్తుంది.

పాత్రలు పంచే రోజు

ఆ రోజు సినిమా హీరో గొంతు అనుకరించకు. మిమిక్రీ వచ్చిందంటే మంచిదే, కానీ టీచర్ వెతికేది అది కాదు. చేతికి కాగితం ఇచ్చినప్పుడు ఒకసారి మనసులో చదువుకుని, నిదానంగా, ఆఖరి బెంచీకి వినపడేలా చదువు. ఇంకెవరో చదువుతున్నప్పుడు వాళ్లనే చూడు. నాటకం వేయించే టీచర్లు చదివేవాళ్లతోపాటు వినేవాళ్లనీ గమనిస్తూనే ఉంటారు.

అడిగిన పాత్ర రాకపోవచ్చు. రాజు వేషం అడిగితే భటుడి వేషం రావచ్చు, అసలు వేషమే రాకపోవచ్చు. బాధ వేస్తుంది. ఇంటికెళ్లి బాధపడు, తప్పులేదు. మర్నాడు మాత్రం రిహార్సల్‌కి వెళ్లు.

వినడం నేర్చుకునే పద్ధతి

చాలామంది పిల్లలు స్టేజీ మీద చేసే పని ఇదీ: తన డైలాగ్ చెప్పేస్తారు, తర్వాత ఖాళీగా నిలబడి, ఎదుటివాళ్ల డైలాగ్‌లో ఆఖరి మాట ఎప్పుడొస్తుందా అని కాచుకుంటారు. కళ్లలో అది కనిపించిపోతుంది. ప్రేక్షకులకు కారణం తెలియకపోయినా ఎక్కడో విసుగు పుడుతుంది.

దీనికి ఒక అభ్యాసం ఉంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఒకరికి "అన్నం తిన్నావా?" అన్న మాట, ఇంకొకరికి "తిన్నాను" అన్న మాట. అంతకుమించి ఒక్క అక్షరం కలపకూడదు. మొదటివారు ఆ మాటను బడి నుంచి ఆలస్యంగా వచ్చిన కొడుకుని అడిగే అమ్మలా అడగాలి. తర్వాత, అప్పు ఇచ్చి వసూలుకు వచ్చి మర్యాదకి పలకరించే మనిషిలా. తర్వాత, ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న అన్నలా. ఆ తర్వాత, పిలిచి భోజనం పెట్టాల్సి వస్తుందేమోనని భయపడుతున్న చుట్టంలా. ఏ మనిషిలా అడుగుతున్నారో రెండోవారికి ముందే చెప్పకూడదు. విని, గొంతునిబట్టి, "తిన్నాను" అన్న ఒక్క మాటను మార్చి చెప్పాలి. అమ్మకి చెప్పే "తిన్నాను"లో చిరాకు ఉండొచ్చు. అప్పులవాడికి చెప్పే "తిన్నాను"లో ఎప్పుడు వెళ్తాడా అన్న ఆత్రం ఉండొచ్చు. అన్నకి చెప్పేది అబద్ధం కావచ్చు. ఎవరు ఎవరో మూడోవారు కనిపెట్టగలిగితే మీరు బాగా చేసినట్టు. దీన్ని వారానికోసారి, వేర్వేరు మాటలతో చేయండి. "తలుపు తెరిచే ఉందా?", "రేపు వస్తావా?" లాంటి మామూలు మాటలు ఎంత మంచివో చేస్తుంటే తెలుస్తుంది.

కొన్నాళ్లకి ఇంట్లో ఒక తేడా చూస్తావు. నాన్న "సరేలే" అన్నప్పుడు అది ఒప్పుకున్న సరేనా, అలిసిపోయి అన్న సరేనా అన్నది నీకు వినబడుతుంది. అది వినబడ్డ రోజున ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

డైలాగులు ఎలా నేర్చుకోవాలి

పరీక్షకు చదివినట్టు చదవొద్దు. జవాబు బట్టీపడితే మొదటి మాట గుర్తొస్తేనే మిగతాది వస్తుంది, మధ్యలో తెగితే అంతా పోతుంది. నాటకంలో నీ మాట పుట్టేది ఎదుటివాళ్ల మాటలోంచి. కాబట్టి నీ పోర్షన్ ఒక్కటే కాపీ చేసుకుని తిరగకు. మొత్తం నాటిక నోట్‌బుక్‌లో చేత్తో రాసుకో. నీ ప్రతి డైలాగ్‌కి ముందున్న ఎదుటివాళ్ల మాట కింద గీత గియ్యి. ఇంట్లో అమ్మనో చెల్లెలినో మిగతా పాత్రల మాటలు చదవమను. వాళ్లు తప్పు చదివినా నువ్వు జవాబు చెప్పడం అలవాటు చేసుకో. స్టేజీ మీద కూడా అన్నీ సరిగ్గా రావు.

కూర్చుని కంటే నడుస్తూ నేర్చుకో. ఏ మాట దగ్గర లేస్తావు, ఏ మాట దగ్గర కుర్చీ జరుపుతావు అన్నది రిహార్సల్‌లో తేలిన వెంటనే పక్కన పెన్సిల్‌తో రాసుకో. మాట మర్చిపోయినా కాలు గుర్తు పెట్టుకుంటుంది. కుర్చీ దగ్గరికి రాగానే మాట నోటికొస్తుంది. ప్రదర్శనకు రెండు వారాల ముందే కాగితం చేతిలోంచి పోవాలి.

గొంతు, ఉచ్చారణ

అరవడం వేరు, వినిపించడం వేరు. అరిస్తే రెండో రోజుకే గొంతు బొంగురుపోతుంది. వెల్లకిలా పడుకుని పొట్ట మీద పుస్తకం పెట్టుకుని ఊపిరి తీసుకో. పుస్తకం లేస్తే సరైన ఊపిరి. అదే ఊపిరితో నిలబడి మాట్లాడు. గొంతు మారుతున్న మగపిల్లలు మధ్యలో కీచుమన్నా కంగారు పడొద్దు. అది కొన్నాళ్లే. ఆ రోజుల్లో గట్టిగా అరిచే పాత్రలు వద్దని టీచర్‌కి చెప్పొచ్చు.

అసలు తప్పు ఇంకోచోట ఉంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఊపిరి అయిపోయేదీ అక్కడే. పిల్లలు "నేను రేపు ఊరికి" అని గట్టిగా మొదలుపెట్టి, చివరి మాట మింగేస్తారు. వెళ్తానన్నాడా, వెళ్లనన్నాడా? కథంతా ఆ ఒక్క మాటలో ఉంటే హాల్లో సగం మందికి కథే అర్థం కాదు. కాబట్టి ప్రతి వాక్యంలో ఆఖరి మాటకు ఊపిరి దాచుకో. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఆఖరి మాటని రెండుసార్లు పలుకు, స్టేజీ మీద ఒకసారి. ఈ ఒక్క అలవాటుతో క్లాసులో నువ్వు పాఠం చదివే తీరు కూడా మారిపోతుంది.

ఒత్తులు, ళ, ణ, శ, ష: రోజూ పది నిమిషాలు పేపర్ బిగ్గరగా చదివితే చక్కబడతాయి. అయితే పాత్ర కూలికి వెళ్లే మనిషిదైతే ఆ మనిషి పలికినట్టే పలకాలి. మీ ఊళ్లో వాళ్లు ఎలా మాట్లాడతారో అలాగే. శ్రీకాకుళం యాస, రాయలసీమ యాస, తెలంగాణ యాస నవ్వించడానికి వాడుకునే సరుకులు కావు. ఎవరి యాస వాడినా, ఆ ప్రాంతం మనిషి ముందు వరసలో కూర్చున్నాడనుకుని వాడు.

మనుషుల్ని చూడటం

ముసలాయన వేషం ఇస్తే పిల్లలందరూ చేసేది ఒకటే. నడుం వంచి, చేతిలో కర్ర వణికిస్తారు. ఒకసారి బస్టాండ్‌లోనో రైతుబజార్‌లోనో కూర్చుని నిజంగా ముసలివాళ్లని చూడు. అరుగు మీంచి లేవాలంటే ముందు బస్సు ఎంత దూరంలో ఉందో చూసుకుంటారు. తర్వాత ఒక అరచెయ్యి మోకాలి మీద పడుతుంది. కాళ్లు కొంచెం వెనక్కి జరుగుతాయి. ఒళ్లు ముందుకు ఒకసారి ఊగుతుంది, లేవదు. రెండోసారి ఊగినప్పుడు లేస్తారు. లేచాక వెంటనే నడవరు, ఒక్క క్షణం నిలదొక్కుకుంటారు. ఆ మొదటిసారి ఊగి లేవకపోవడం పట్టుకుంటే చాలు, కర్ర వణికించక్కర్లేదు.

అలా చూసినవి నోట్‌బుక్‌లో రాసుకో. నీ పాత్ర ఉదయం ఏం తింది, ఎవరికి భయపడుతుంది, ఈ సన్నివేశంలో ఎదుటివాళ్ల నుంచి ఏం కోరుకుంటుంది అన్నవి కూడా రాయి. నాటికలో లేకపోతే నువ్వే ఊహించు. నీకు నచ్చని మనిషి పాత్ర వస్తే ఇంకా మంచిది. వడ్డీ వ్యాపారి వేషం కట్టినవాడు ఆయన వైపు నుంచి లెక్క ఒకసారైనా చూడాలి. చూశాక కూడా ఆయన తప్పు తప్పే, కానీ ఇప్పుడు ఆ తప్పు ఎలా జరుగుతుందో నీకు తెలుస్తుంది.

ఆడవేషం వచ్చిందని మొహం ముడుచుకునే మగపిల్లలకు రంగస్థల నటులు స్థానం నరసింహారావు గారి గురించి చెబుతుంటాను. స్త్రీ పాత్రలతోనే ఆయన తెలుగు దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన వేసిన స్త్రీ పాత్రలను జనం ఆరాధించారు. వెక్కిరింత కోసం చీర కట్టడం వేరు, ఒక మనిషిని అర్థం చేసుకుని చీర కట్టడం వేరు. మొదటిది నువ్వు చెయ్యనే వద్దు.

ఒప్పుకోకూడనివి

పిల్లల స్కిట్లలో నవ్వుల కోసం నత్తి, కుంటితనం, రంగు, లావు, కులం పేరు, హిజ్రాల నడక వాడటం ఇంకా ఉంది. హాల్లో చప్పట్లు పడతాయి. ఆ హాల్లోనే నత్తి ఉన్న పిల్లాడు కూర్చుని ఉంటాడు. నీ చేతికి అలాంటి డైలాగ్ వస్తే టీచర్ దగ్గరికెళ్లి ఒంటరిగా చెప్పు: "మేడం, ఈ మాట అనలేకపోతున్నాను, ఇలా మార్చుకోనా?" మార్చిన మాట నువ్వే రాసి పట్టుకెళ్తే పని తేలికవుతుంది.

సన్నివేశంలో చెంపదెబ్బ, తోపులాట, చెయ్యి పట్టుకోవడం లాంటివి ఉంటే ముందే ఇద్దరూ మాట్లాడుకుని, టీచర్ ఎదుట నిదానంగా సాధన చేయాలి. ఇష్టం లేదంటే అది అక్కడితో ఆగాలి. ఎవరైనా రిహార్సల్ పేరుతో నిన్ను ఇబ్బంది పెడితే అదే రోజు ఇంట్లో చెప్పు.

తెర వెనక పని

ఇది చిన్న పనని ఎవరైనా అంటే సురభి నాటక కుటుంబాల వాళ్లని తలుచుకో. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన ఆ కుటుంబాల్లో నటన, సెట్టింగులు, లైట్లు, సంగీతం అన్నీ ఇంటిల్లిపాదీ చేస్తారు. పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే ఆడుకుని, అక్కడే మొదటి వేషం కడతారు. పాత్ర పెద్దదా చిన్నదా అన్న లెక్క అలాంటి చోట ఎక్కువసేపు నిలవదు.

బడి నాటికలో నేర్చుకోవడానికి ఎక్కువున్న పని ప్రాంప్టింగ్ అని నా నమ్మకం. వింగ్ (స్టేజీకి పక్కనుండే తెర) పక్కన నాటిక పట్టుకుని నిలబడి, ఎవరైనా మర్చిపోతే అందించాలి. కష్టమంతా ఎక్కడంటే, నటుడు ఆగినప్పుడు మర్చిపోయి ఆగాడా, కావాలని ఆగాడా అన్నది తెలియాలి. కావాలని ఆగినప్పుడు మాట అందిస్తే సన్నివేశం చచ్చిపోతుంది. మర్చిపోయినప్పుడు అందించకపోతే పిల్లాడు చచ్చిపోతాడు. కాబట్టి ప్రతి రిహార్సల్‌కీ ఉండాలి, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో తెలిసిపోవాలి. మొత్తం వాక్యం కాదు, మొదటి మాట ఒక్కటే, అది కూడా గుసగుసగా కాకుండా తక్కువ గొంతుతో స్పష్టంగా అందించాలి. గుసగుస అయితే నటుడికి వినపడదు, ముందు వరసకి వినపడుతుంది.

సామాన్ల పని తీసుకుంటే ఒక బల్ల మీద తెల్ల కాగితం పరిచి, కళ్లజోడు, ఉత్తరం, చెంబు, సంచి ఒక్కొక్కటి ఉండాల్సిన చోట గీత గీసి పేరు రాయి. ఏది లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. లైట్లు, సంగీతం చూసేవాళ్లు తమ కాగితంలో ఏ మాటకి ఏం చేయాలో రాసుకోవాలి, "అప్పుడు" అని కాకుండా సరిగ్గా ఆ మాట.

డబ్బు గురించి ఒక మాట. మన నాట్యశాస్త్రంలో అభినయం నాలుగు రకాలు: ఆంగికం (ఒంటితో చేసేది), వాచికం (మాటతో), ఆహార్యం (వేషంతో), సాత్వికం (మనసులోని భావంతో). బడి నాటికల్లో ఉన్న డబ్బంతా ఆహార్యానికే, అంటే అద్దె డ్రెస్సులకీ కిరీటాలకీ పోతుంది. అమ్మ చీర, నాన్న లుంగీ, తాతయ్య కండువా సరిపోయే నాటిక ఎంచుకోండి. మిగిలిన డబ్బుతో మంచి మైకులు పెట్టించండి.

భయం

గుండె దడ, నోరెండిపోవడం, చేతులు చల్లబడటం అడ్రినలిన్ పని. పెద్ద పెద్ద నటులకీ ఉంటుంది. దాన్ని పోగొట్టాలని చూడకు, పోదు. ఎంట్రీకి ముందు వింగ్‌లో రెండు పాదాలూ నేలకి గట్టిగా ఆనించి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదులు. కాసేపు చెయ్యి. మొత్తం డైలాగులు మననం చేసుకోకు, మొదటి వాక్యం చాలు. తెర పక్కనుంచి తొంగి చూసి అమ్మ ఎక్కడుందో వెతకకు. అసలు మందు మాత్రం ముందే వేసుకోవాలి. ప్రదర్శనకు వారం ముందు ఆరో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి మొత్తం నాటిక ఆపకుండా ఒకసారి వేయండి. వాళ్లు ఊహించని చోట నవ్వుతారు, మధ్యలో మాట్లాడతారు. అది తట్టుకుంటే హాలు తట్టుకుంటావు.

మర్చిపోవడం జరుగుతుంది. అప్పుడు నాలుక కరుచుకుని ప్రేక్షకుల వైపు చూడకు. ఎదుటి పాత్ర కళ్లలోకి చూడు. ఒక బడి నాటికలో తండ్రి వేషం వేసిన అబ్బాయి బాకీ సంగతి చెప్పాల్సిన చోట ఆగిపోయాడు. మొహం తెల్లబోయింది. నాయనమ్మ వేషంలో ఉన్న అమ్మాయి, నాటికలో లేకపోయినా, లేచి వెళ్లి చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంచి అతని చేతికిచ్చి, "ముందు నీళ్లు తాగరా. షావుకారు ఏమన్నాడో తర్వాత చెబుదువు" అంది. అతను నీళ్లు తాగాడు. 'షావుకారు' అన్న ఆ ఒక్క మాట అతనికి చాలింది, మిగతాది వచ్చేసింది. చూసినవాళ్లు అది నాటికలో ఉన్నదే అనుకున్నారు. ఆ అమ్మాయి క్లాసులో పెద్దగా నోరు విప్పే పిల్ల కాదు. ఆరు వారాలూ అందరి డైలాగులూ వింటూ కూర్చుంది. అందుకే ఏ మాట అందించాలో ఆమెకి తెలిసింది.

ప్రదర్శన రోజు

కడుపు నిండా తినొద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. రెండు గంటల ముందు ఇడ్లీలో, పెరుగన్నమో తిను. మేకప్ పడని చర్మమైతే ముందు రోజే చేతి మీద కొంచెం రాసి చూసుకో. మేకప్‌కి అనుకున్నదానికంటే రెట్టింపు సమయం పడుతుంది, కాబట్టి ముందే వెళ్లు. స్టేజీ మీద మైకులు ఎక్కడ ఉన్నాయో, ఏ చోట నిలబడితే వినపడుతుందో జనం రాకముందే ఒకసారి నిలబడి చూసుకో. ఇంకొకరి మాట నడుస్తున్నప్పుడు వాళ్లకి అడ్డంగా నిలబడకు. చప్పట్లు, నవ్వులు వస్తే అవి తగ్గడం మొదలయ్యాకే తర్వాతి మాట చెప్పు. వేషం తీసేదాకా ఫోన్ బ్యాగులోనే ఉండాలి.

ఆ తర్వాత

మర్నాడు అద్దె సామాను, అడిగి తెచ్చుకున్న చీరలు, కుర్చీలు తిరిగి ఇచ్చేయండి. గేటు ఆలస్యంగా మూసిన వాచ్‌మన్‌కి, హాలు ఊడ్చిన ఆయాకి బృందమంతా వెళ్లి థాంక్స్ చెప్పండి. రెండు రోజులయ్యాక అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒక్కొక్కరూ ఇంకొకరు బాగా చేసినది ఒకటి చెప్పాలి, తాను వచ్చేసారి మార్చుకునేది ఒకటి చెప్పాలి. ఇంకొకరి తప్పులు ఎత్తడం అక్కడ వద్దు, ఆ పని టీచర్ చూసుకుంటారు.

నీలో ఏం మారిందో తెలుసుకోవాలంటే చిన్న చిన్నవి చూడు. అర్థం కానప్పుడు క్లాసులో లేచి అడుగుతున్నావా? తెలియనివాళ్లతో ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తే అన్నకి ఇచ్చేయకుండా నువ్వే మాట్లాడుతున్నావా? స్నేహితుడు ఏదో చెబుతుంటే మధ్యలో నీ కథ మొదలుపెట్టకుండా ఉండగలుగుతున్నావా? ఇవి నోట్‌బుక్‌లో నెలకోసారి రాసుకో. ఒక నాటికతో అన్నీ రావు. రెండో నాటికకి కొంత తేడా తెలుస్తుంది.

ఇంకా ముందుకెళ్లాలంటే దారులున్నాయి. కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన కళల పోటీలు, కళా ఉత్సవ్, 9 నుంచి 12 తరగతుల పిల్లల కోసం. ఏ ఏడాది ఏ విభాగాలు ఉన్నాయో ప్రకటన చూసి టీచర్‌ని అడుగు. సైన్స్ అంటే ఇష్టమైతే సైన్స్ డ్రామా పోటీలున్నాయి. జిల్లా స్థాయి నుంచి దక్షిణ భారత స్థాయి దాకా వెళ్లొచ్చు. రాష్ట్ర ప్రభుత్వం జరిపే నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకు విడిగా విభాగం ఉంటూ వచ్చింది. ఒంటరిగా సాధన చేసుకోవాలంటే ఏకపాత్రాభినయం ఉంది. కానీ అది రెండో ఏడాది మొదలుపెట్టు, వినడం అలవాటయ్యాక. పోటీకి వెళ్లినప్పుడు మీ ప్రదర్శన అవగానే బస్సెక్కి వచ్చేయకండి. మిగతా బడుల నాటికలన్నీ కూర్చుని చూడండి. బహుమతి వచ్చినా రాకపోయినా, తిరుగు ప్రయాణంలో మాట్లాడుకోవడానికి అక్కడ దొరికినంత ఇంకెక్కడా దొరకదు.

జూన్‌లో బడి తెరిచాక ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లల దగ్గరికి వెళ్లి ఇద్దర్నో ముగ్గుర్నో బృందంలోకి పిలుచుకురా. వేషాలు తర్వాత. ముందు వాళ్ల చేతికి నాటిక ఇచ్చి, వింగ్ పక్కన నిలబెట్టు.